తెర పడేదాకా ఆగకండి

కంటి వెలుగు రెండో విడత 2023 జనవరి 18న మొదలైంది మన ఖమ్మంలోనే. మీలో కొందరు ఆ శిబిరాల్లో అద్దాలు తీసుకునే ఉంటారు. పవర్ మైనస్ ఆరు దాటినవాళ్లకు అద్దాలతో పని అయిపోలేదు. అలాంటి కన్ను సాగి ఉంటుంది, లోపల రెటీనా పలచబడుతుంది. దానికి చిల్లు పడితే ద్రవం వెనక్కి చేరి, గోడ పెచ్చులా పొర ఊడొస్తుంది.

నొప్పి ఉండదు, చిక్కంతా అక్కడే. ఉన్నట్టుండి నల్లచుక్కలు, మెరుపులు, పక్కనుంచి తెరలా నీడ. ‘గ్రూప్స్ అయ్యాక చూద్దాంలే’ అనుకుంటాం. (ఇంట్లో ల్యాప్‌టాప్‌ని తిడతారు. పాపం, దాని తప్పేం లేదు.)

చిల్లు దగ్గరే పట్టుకుంటే లేజర్‌తో సరిపోవచ్చు, అదే రోజు ఇంటికి రావచ్చు. పొర ఊడితే ఆపరేషనే: కంటి బయట పట్టీ వేస్తారు, లేదా లోపల గ్యాసో సిలికాన్ ఆయిలో నింపుతారు. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదు. కొన్ని రోజులు డాక్టర్ చెప్పినట్టే తల ఉంచాలి. చాలామందికి పొర ఒక్క ఆపరేషన్‌తోనే అతుక్కుంటుంది. చూపు ఎంత తిరిగొస్తుందనేది మాత్రం, మధ్యభాగమైన మాక్యులా ఊడకముందే వెళ్లారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

చర్ల, దుమ్ముగూడెం నుంచి హైదరాబాద్ చేరేసరికే రోజు గడిచిపోతుంది. క్యాంపస్ డ్రైవ్ ఇంకోటి వస్తుంది. లక్షణం కనిపించిన రోజే దగ్గర్లోని కంటి డాక్టర్‌కి చూపించండి, అద్దాల షాపు పరీక్ష చాలదు. ఆపరేషన్ అంటే హైదరాబాద్‌లో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి, ఎల్వీ ప్రసాద్ ఉన్నాయి. పరీక్షకు ముందు కంట్లో చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు మసకగా ఉంటుంది. బైక్ మీద ఒక్కరే వెళ్లకండి.