జ్ఞానమ్మ బడికి రెండు హక్కులు

కతోలిక బాలికల ఉన్నత పాఠశాల అనగానే సముద్రాలు దాటివచ్చిన కన్యస్త్రీలు, వారి వెంట వచ్చిన పరాయిభాష మనలో చాలామందికి గుర్తుకు వస్తాయి. యానాంలోని మా ఫరంపేటలోనూ ఈ అభిప్రాయమే బలంగా ఉన్నది. యానాంలోని పునీత అన్నమ్మ దేవాలయం ఫ్రెంచివారి ఏలుబడిలో వెలసిన మాట నిజమే. కాని అదే అన్నమ్మ పేర వెలసిన తెలుగు కన్యస్త్రీల సభ చరిత్ర వేరు. సరిహద్దు జిల్లాల తల్లిదండ్రులు తెలుసుకొనవలసినది ఆ చరిత్రనే.

గుంటూరు జిల్లా ఫిరంగిపురంలో 1822లో జన్మించిన జ్ఞానమ్మ, గాలి ఇన్నయ్యగారి ఇల్లాలై, నేటి తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలోని కీలచ్చేరిలో స్థిరపడ్డారు. తెలుగునాడు నుంచి వలసపోయిన కతోలిక కుటుంబాల ఊరది. 1863లో అక్కడ ఆమె ఆడపిల్లలకు బడి పెట్టారు. ఓడ దిగిన మదర్ సుపీరియర్ కాదు. బిడ్డలను కని పెంచిన తెలుగు తల్లి. ఆమె ప్రయత్నం నుంచే పునీత అన్నమ్మ సభ పుట్టింది. 1874లో ఫిరంగిపురంలోనూ వేరూనింది. ఆ ఏడాది డిసెంబరు 21న ఆమె కన్నుమూశారు. 2014లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పటానికి పూలదండలు వేయడంలో మనవారు వెనుకబడలేదు. ఆమె మాట్లాడిన భాష సంగతే ఎవరికీ పట్టలేదు.

రాజ్యాంగంలోని 30(1) అధికరణం "మతం లేక భాష" అన్నది. టి.ఎం.ఎ. పాయ్ కేసులో 2002లో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ రెండింటికీ రాష్ట్రాన్నే ప్రమాణంగా తీసుకొన్నది. అనగా తమిళనాడులోని తెలుగు కతోలికుల బడికి ఒకటి కాదు, రెండు హక్కులున్నవి. మన యాజమాన్యాలు మాత్రం ఒకదానినే వాడుకొంటున్నాయి. నియామకాలలో ప్రభుత్వ జోక్యం వచ్చినప్పుడు మతహక్కు జ్ఞాపకం వస్తుంది. తెలుగు పంతులమ్మ పదవీ విరమణ చేసి ఆ స్థానం ఖాళీ అయినప్పుడు భాషాహక్కు జ్ఞాపకం రాదు. ఒక విచారణ పాఠశాల (పేరు అనవసరం) దస్త్రాలు నా ముందుకు వచ్చినప్పుడు చూశాను: అల్పసంఖ్యాక హోదా కాగితాల కట్టలో "తెలుగు" అన్న మాట ఒక్కచోటనైనా లేదు.

2006 నాటి చట్టంతో తమిళనాట ఒకటో తరగతి మొదలు ఏటేటా తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. భాషా అల్పసంఖ్యాకుల సంఘాలు న్యాయస్థానాల మెట్లెక్కాయి. ఆ పోరులో మన విచారణ పాఠశాలల గొంతు ఎంత వినిపించింది?

2014 మే 6న సుప్రీంకోర్టు ఒకేరోజు రెండు తీర్పులిచ్చింది. మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దరాదనీ, బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులేననీ కర్ణాటక కేసులో అన్నది. విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాకుల పాఠశాలలకు వర్తించదని ప్రమతి కేసులో అన్నది. (ఈ రెండవ తీర్పును పునఃపరిశీలించవలసిన అవసరమున్నదని 2025లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అభిప్రాయపడింది.) సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన అన్న నిబంధన ఆ చట్టంలోనిదే. కనుక యాజమాన్యాన్ని కదిలించవలసినది ఇక తల్లిదండ్రులే.

యానాం వారమూ నిశ్చింతగా ఉండరాదు. ఊరంతా తెలుగే. కాని రోడ్డు మార్గాన 800 కిలోమీటర్లకు పైబడిన పుదుచ్చేరి మన రాజధాని, అక్కడ మనం అల్పసంఖ్యాకులం. 1965 నాటి అధికార భాషల చట్టం యానాంలో తెలుగు వాడకానికి వీలు కల్పించింది. ఆ వీలును కోరి వాడుకోకపోతే అది కాగితం మీదనే మిగులుతుంది.

విచారణ గురువులతో తగవు పెట్టుకొమ్మని నేననడం లేదు. ప్రవేశ దరఖాస్తులో మాతృభాష గడిలో "తెలుగు" అని వ్రాయండి, నకలు మీద పాఠశాల ముద్ర వేయించుకొనండి. తెలుగు బోధన కావాలని పదిమంది సంతకాలతో అర్జీ పెట్టి రసీదు అడగండి. 2004 చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిషన్ మతపరమైన అల్పసంఖ్యాక సంస్థల విషయమే చూస్తుంది. భాషాపరమైన గుర్తింపుకు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆశ్రయించవలసిందిగా యాజమాన్యాన్ని లిఖితపూర్వకంగా కోరండి. జవాబు రాకపోతే 350బి అధికరణం కింద నియమితులైన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు అదే అర్జీ నకలు పంపండి.