పంపుల లెక్క సరే, కొట్టు లెక్క తెలుసా?

ఇంటర్వ్యూలో ‘మీ ఊరి గురించి చెప్పండి’ అంటే మనలో చాలామంది తడుముకోకుండా చెప్పేది జీకే పుస్తకంలో ఉన్నదే. పట్టిసీమ వైపు కుర్రాడైతే ఎత్తిపోతల పథకం అందుకుంటాడు. 2015లో మొదలైంది, 24 పంపులు, 8,500 క్యూసెక్కులు, పోలవరం కుడి కాలువ మీదుగా గోదావరి నీళ్లు కృష్ణాకి. అంతా కరెక్టే. బోర్డులో ఇంకొకరు ‘మరి మీ ఊళ్లో చిన్న వ్యాపారాలు ఎలా నడుస్తాయి?’ అని అడిగారనుకోండి. అక్కడ ఆగిపోతాం. రోజూ టీ తాగే కొట్టు గురించి రెండు వాక్యాలు కూడా రావు.

అందుకే నేననేది ఒకటే. నెలకో శనివారం పుస్తకం మూసేసి, చుట్టుపక్కల కొట్ల వెంట తీరిగ్గా తిరగండి. అది టైమ్ వేస్ట్ కాదు.

పట్టిసీమ రేవునే తీసుకోండి. గోదావరి మధ్యలో వీరభద్రస్వామి గుడి, ఒడ్డున కొబ్బరికాయల కొట్లు, టీ, టిఫిన్ బడ్డీలు. ఆ కొట్టువాళ్లకి క్యాలెండర్‌లో అన్ని నెలలూ ఒకటి కావు. మహాశివరాత్రికి ఊపిరాడనంత జనం. వరద వస్తే పడవ కదలదు, గిరాకీ ఉండదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు ప్రమాదం జరిగాక పాపికొండల యాత్రలు చాలాకాలం ఆగిపోయాయి. యాత్రికుల మీదే బతికే కొట్టు అలాంటప్పుడు ఎలా తట్టుకుంటుంది? సరుకు ఎంత తెచ్చుకోవాలి, ఎవరికి అరువివ్వాలి, ఖాళీ నెలల్లో ఇంకేం పని చూసుకోవాలి? బీకామ్, ఎంబీఏ పుస్తకాల్లో సీజనల్ డిమాండ్, వర్కింగ్ క్యాపిటల్ అని చదివేది దీన్నే. ఒక్కసారి రేవులో చూస్తే ఇక బట్టీ పట్టక్కర్లేదు.

ఇంకో శనివారం కొవ్వూరు మీదుగా బస్సెక్కి, 1974లో మొదలైన రోడ్డు కమ్ రైలు వంతెన దాటి రాజమండ్రి వెళ్లండి. అక్కడ రోజ్‌మిల్క్ పేరు మీదే దశాబ్దాలుగా నడుస్తున్న కొట్టు ఉంది. ఒకే రుచి పేరును నమ్ముకోవడం ధైర్యమా, తెలివా? గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఫ్రెండ్‌తో వాదించుకోండి. గ్రూప్ డిస్కషన్‌కి అంతకంటే మంచి ప్రాక్టీసు ఏముంటుంది? తాడితోట బట్టల మార్కెట్లో హోల్‌సేల్ బేరం ఎలా సాగుతుందో కాసేపు పక్కన నిలబడి వినండి. ఆ తర్వాత ఏదైనా ఏసీ కేఫ్‌లో కాఫీ తాగండి. బడ్డీకొట్టు టీకీ దీనికీ అంత రేటు తేడా ఎందుకో ఆలోచించండి. కాఫీ గింజకా, అద్దెకా, మీరు గంటసేపు కూర్చునే కుర్చీకా?

మరో నెల ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఆత్రేయపురం. అక్కడి పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చిందని కరెంట్ అఫైర్స్‌లో చదివే ఉంటారు. పల్చటి పిండిలో తడిపిన గుడ్డని బోర్లించిన కుండ మీద పరిచి, ఆడవాళ్లు కాగితం లాంటి రేకు తీస్తుంటే చూడండి. పొయ్యి వేడి ముందు గంటలకొద్దీ కూర్చునే ఆ చేతికి ఎంత ముడుతుంది, రంగు పెట్టెలో సర్ది అమ్మే కొట్టుకి ఎంత మిగులుతుంది? జీఐ గురించి వ్యాసం రాయాల్సి వస్తే మీ దగ్గర ఉండాల్సిన ప్రశ్న ఇది.

‘నోటిఫికేషన్ నెత్తి మీద ఉంటే ఊరు తిరగమంటారేంటండీ?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన మాటే. కొట్లు తిరిగితే ఆప్టిట్యూడ్ లెక్కలు రావు, మాక్ టెస్ట్ మానేయమనీ అనట్లేదు. కానీ వారం పొడుగునా గదిలోనే ఉండే మనిషికి శనివారం మధ్యాహ్నం ఎలాగూ చదువు ఎక్కదు. రీల్స్ చూస్తూ, మళ్లీ టైమ్ పోయిందని తిట్టుకుంటూ గడుపుతాడు. ఆ పూటే బయటకి పెట్టమంటున్నా. బస్సు చార్జీ, ఒక టీ, ఏదో చిన్న తినుబండారం. ఖర్చు అంతే.

ఇది అబ్బాయిలకి సులువు. అమ్మాయి ఊరికే బజార్లో తిరిగితే ఇంట్లో, వీధిలో పది ప్రశ్నలు. అమ్మానాన్నలకి ఒక్క మాట: రేపు ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో ఒంటరిగా పంపబోతున్న పిల్లకి, ముందు పక్క ఊరి బజారైనా తెలియనివ్వండి. ఫ్రెండ్‌తో కలిసి వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తుంది.

వెళ్లినప్పుడు మర్యాద ముఖ్యం. రద్దీలో కొట్టువాళ్లని కదిలించొద్దు. ఏదో ఒకటి కొనండి. ‘నెలకెంత మిగులుద్ది?’ అని మొహం మీద అడక్కండి. ‘ఈమధ్య గిరాకీ ఎలా ఉందండీ పిన్నిగారూ?’ అంటే చాలు, ఆవిడే చెప్తుంది. ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టకండి. ఇంటర్వ్యూలో పనికొస్తుందా లేదా అని ప్రతి మాటనీ తూకం వేయకండి కూడా. అలా వేస్తే తీరిక మిగలదు, కబుర్లూ సాగవు.

ఉద్యోగం ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. ఈలోపు ఊరంటే మనకి జీకే పుస్తకంలోని పేజీ మాత్రమే కాకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది. వచ్చే శనివారం మీ వీధి చివర కొట్టుతోనే మొదలుపెట్టండి.