లోగుట్టు దాస్‌గారికెరుక

పాత సినిమాల గొప్పల గురించి రాసేవాళ్ళు మాయాబజార్‌తో మొదలుపెట్టి శంకరాభరణం దాటి పోరు. అవి గొప్పవే, కాదన్నదెవరు? కానీ ఈ వారం ఆ జాబితాల్లో చోటు దొరకని సినిమాల గురించి మాట్లాడుకుందాం. చిన్న బడ్జెట్‌లో తీసిన సస్పెన్స్ సినిమాలూ, డబ్బులు చాలకపోయినా తెగించి తీసిన యుద్ధం సినిమాలూ.

ముందు మా జిల్లా మనిషి. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్‌ది అప్పటి నెల్లూరు జిల్లా వెంకటగిరి. మాది ఉదయగిరి వైపు కొండాపురం. జిల్లాకి ఆ కొస ఆయన, ఈ కొస మేము. 1966లో శోభన్‌బాబుతో ఆయన తీసిన మొదటి సినిమా పేరు 'లోగుట్టు పెరుమాళ్ళకెరుక'. సామెతనే క్రైమ్ సినిమాకి పేరుగా పెట్టేశారు! 1970లో 'రౌడీరాణి' తీశారు. పెద్ద హీరో లేడు. విజయలలిత తుపాకీ పట్టి పగ తీర్చుకునే కథ. మరుసటేడు కృష్ణతో 'మోసగాళ్ళకు మోసగాడు'. కౌబాయ్ టోపీ, రాజస్థాన్ ఇసుక, గుర్రాలు.

దాస్ ఎడిటింగ్ తెలిసిన మనిషి. ఆయన ఫైటింగులు చూడండి. గుర్రం కాళ్ళు, తుపాకీ గొట్టం, ఒక మొహం, మళ్ళీ గుర్రం కాళ్ళు. ఉన్న నలుగురినే నలభైమంది అనిపించేది ఆ కత్తెరే. మా ఊళ్ళో వీటిని 'ఫైటింగ్ సినిమాలు' అని తీసిపారేసేవాళ్ళు. తీసిపారేస్తూనే రెండోసారి చూసేవాళ్ళు, అది వేరే సంగతి.

తర్వాత 1985లో వంశీ తీసిన 'అన్వేషణ'. తలకోన అడవి, గుప్పెడుమంది మనుషులు, పక్షుల కూతల మీద పరిశోధనకొచ్చిన భానుప్రియ, పులి చంపిందని జనం అనుకునే చావులు. ఇందులో భయమంతా కనిపించని దాంట్లోనే ఉంది. ఎం.వి. రఘు కెమెరా చెట్ల వెనక నుంచి చూస్తుంటుంది, చూసేది ఎవరో మనకు తెలీదు. మిగతా పని ఇళయరాజాది. హంతకుడెవరో నేను చెప్పను. చూసినవాళ్ళు కూడా పక్కవాళ్ళకి చెప్పకండి, పాపం తగులుతుంది.

ఇక యుద్ధం. ట్యాంకులూ విమానాలూ మన నిర్మాతల తాహతుకి మించినవి. అందుకే మనకు యుద్ధం సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. 2015లో 'బాహుబలి' వచ్చిన మూడు నెలలకి క్రిష్ 'కంచె' వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం భాగాన్ని జార్జియా దేశంలో తీశారు. అందులో నాకు నచ్చింది తుపాకుల మోత కాదు. పరాయి దేశంలో తెల్లవాళ్ళ తరఫున పోరాడే మనవాడి సొంతూళ్ళోనే కులం పేరిట ముళ్ళకంచె ఉంటుంది. కథ అక్కడికీ ఇక్కడికీ తిరుగుతుంటే ఏది యుద్ధభూమో అర్థం కాదు. జాతీయ అవార్డు వచ్చింది. అయినా ఇప్పుడు ఎంతమంది తలుచుకుంటున్నారు?

2017లో సంకల్ప్ రెడ్డి మొదటి సినిమా 'ఘాజీ'. 1971 డిసెంబరులో విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి నిజం, సినిమాలో జరిగేది చాలావరకు కల్పన. సముద్రం చూపించడానికి డబ్బు కావాలి. ఆయన మనల్ని ఇనప గొట్టంలో కూర్చోబెట్టి, బయట ఏం జరుగుతోందో చెవులతో వినమన్నాడు. మా ఊళ్ళో మిలిటరీలో చేసొచ్చిన మామ ఒకాయనకి ఇది చూపించాను. అయ్యాక కాసేపు మాట్లాడలేదు. "యుద్ధమంటే కాల్చడం అనుకుంటారబ్బయా. సగం కాచుక్కూర్చోవడమే. వీడెవడో అది తెలిసి తీసినట్టుండాడు," అన్నాడు. అంతకు మించిన సమీక్ష నాకు చేతకాదు.

ఇవన్నీ ఇప్పుడే చూడమనడానికి కారణం ఉంది. ఫిల్ము సరిగ్గా దాచకపోతే పుల్లటి వాసనేసి ముడుచుకుపోతుంది. నలుపు తెలుపు ఫిల్ములోని వెండి కోసం కరిగించి అమ్ముకున్న రోజులూ ఉన్నాయి. పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉన్నా, మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటే మిగల్లేదు. 'మోసగాళ్ళకు మోసగాడు'కి కృష్ణ అభిమానులున్నారు కాబట్టి 2023లో శుభ్రం చేసి మళ్ళీ హాళ్ళలో వేశారు. 'లోగుట్టు...' లాంటివాటికి ఎవరున్నారు? అడిగేవాళ్ళుంటేనే దాచేవాళ్ళుంటారు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని 'అన్వేషణ' వేయండి. లైట్లు ఆర్పండి, ఫోన్లు ఇంకో గదిలో పెట్టండి. మొదటి అరగంట నస అంటారు. ఓపిక పట్టండి. అడవిలో పిట్టల కూతలు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు వాళ్ళ మొహాలు చూడండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, మీరు చూసి భయపడ్డ సినిమా ఏదీ అని. నేను పేరైనా విననిది ఒకటి దొరికితే నాకు రాయండి. దాని సంగతి వచ్చే వారం చూద్దాం.