గాలి ఆపే బండి, గాలి వల్ల ఆగని బండి

ఖరగ్‌పూర్ స్టేషనులో రైలు కదలబోయే ముందు పెట్టెల కింద నుంచి ఒక దీర్ఘ నిశ్వాసం వినవస్తుంది. అంతవరకు బ్రేకు సిలిండర్లలో బిగబట్టి ఉన్న గాలి బయటికి పోయే చప్పుడది. ఈ ఊరివారికి ఆ చప్పుడు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఇక్కడ వెలసిన కార్ఖానాలో ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు మరమ్మతుకు వచ్చి, బ్రేకులు విప్పించుకుని, బిగించుకుని వెళ్ళాయి. ఆ పనికై ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడి పోయాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం అధికార భాషల సరసన తెలుగుకు చోటివ్వడానికి వీరి సంఖ్యాబలమే ప్రధాన కారణం.

అదే ఊరిలో, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో ఆరంభమైన ఐ.ఐ.టి. ఆవరణలో, టీమ్‌కార్ట్ అనే విద్యార్థుల బృందం మరొక రకం బండిని తయారు చేస్తుంది. ఒక్కరే కూర్చునే చిన్న పందెపు కారు అది. విదేశాల్లో కిట్ కారు అనే ముచ్చట ఒకటున్నది. విడిభాగాలను పెట్టెలలో కొని తెచ్చుకుని, ఇంటి వద్దనే కారుగా కూర్చుకుంటారు. 1957లో వెలువడిన లోటస్ సెవెన్ ఆ కోవలో ప్రసిద్ధం. పూర్తి కారుగా కొంటే పడే పన్ను, విడిభాగాలుగా కొంటే తప్పేది. మన దేశంలో ఆ వేడుక వేళ్ళూనలేదు. దానికి దగ్గరి చుట్టం విద్యార్థులు కట్టే ఈ ఫార్ములా కారే. 1981లో అమెరికాలో మొదలైన పోటీల సంప్రదాయం ఇది.

స్వహస్తాలతో కట్టిన కారులో ఇంజను మొరాయిస్తే నవ్వుకుని ఊరుకోవచ్చు. బ్రేకు మొరాయిస్తే నవ్వేవారుండరు.

ఇట్టి కారులో తరచు కనిపించే మొదటి రోగం పెడలు మెత్తబడటం. పాదం మోపితే స్పంజిని నొక్కినట్లు లోపలికి పోతుంది. కారు మాత్రం తాపీగా ఆగుతుంది. కారణం గాలి. కారు బ్రేకులో పాదం చేసే ఒత్తిడిని చక్రం వరకు మోసుకుపోయేది గొట్టంలోని ద్రవం. ద్రవం నలగదు, కనుక ఇక్కడ నొక్కితే అక్కడ కదులుతుంది. గాలి నలుగుతుంది. గొట్టంలో బఠాణీ గింజంత బుడగ చిక్కుకున్నా పాదం శ్రమలో కొంత భాగం ఆ బుడగను నలపడానికే వ్యయమవుతుంది. రైలును ఆపే గాలియే కారును ఆగనివ్వదన్న మాట.

ఆ బుడగ బయటి నుంచే రానక్కరలేదు. బ్రేకు ద్రవానికి తేమను పీల్చుకునే స్వభావమున్నది. డాట్ 4 రకం ద్రవం, కొత్తది, కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన దానికి ఆ ప్రమాణం 155 డిగ్రీలే. ఖరగ్‌పూర్ వానాకాలంలో మూత సరిగా బిగించని డబ్బా ఎంత తేమ తాగుతుందో చెప్పనక్కరలేదు. మనిషితో కలిపి 300 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే 60,000 జౌళ్ళ శక్తి వేడిగా మారుతుంది. మూడు కిలోల ఇనుప డిస్కులను ఒక్క పర్యాయంలో 40 డిగ్రీలకు పైగా వేడెక్కించడానికి అది చాలు. మలుపు మలుపునా బ్రేకు వేసే పందెంలో ఆ వేడి చల్లారే వ్యవధి ఉండదు. ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఇంతకు ముందు మలుపులో గట్టిగా ఉన్న పెడలు ఈ మలుపులో నేలకు తగులుతుంది.

పెడలు గట్టిగానే ఉండి కారు ఆగకపోతే లోపం వేరు. ప్యాడ్లకు నూనె అంటి ఉండవచ్చు, వేడికి గాజువలె నునుపెక్కి ఉండవచ్చు. ఒక పక్కకు లాగుతుంటే ఒక చక్రం వద్ద పిస్టను బిగుసుకుపోయి ఉంటుంది. పాదం తీసిన తరువాత కూడ బ్రేకు వదలకపోతే మాస్టర్ సిలిండరును తోసే కడ్డీకి వెసులుబాటు ఉన్నదో లేదో మొదట చూడాలి. ఆ కొద్దిపాటి సందు లేకుంటే ద్రవం తిరిగి తొట్టిలోకి పోయే దారి మూసుకునే ఉంటుంది.

ఇక మెరుగుపరచడమనేది ఉత్సాహవంతులను ఎక్కువగా తప్పుదారి పట్టించే విషయం. పెద్ద డిస్కు, పెద్ద పిస్టన్లు వేస్తే చాలుననుకుంటారు. పిస్టన్లు పెద్దవైతే వాటిని కదపడానికి మరింత ద్రవం కావాలి. మాస్టర్ సిలిండరు పాతదే అయితే పెడలు మరింత లోతుకు దిగుతుంది. సిలిండరును కూడ పెంచితే పెడలు రాయి అవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఇంతకూ కారును చివరకు ఆపేది డిస్కు కాదు, టైరుకూ నేలకూ మధ్యనున్న పట్టు. చక్రం నిలిచి జారేంత బలం బ్రేకుకు ఇదివరకే ఉంటే, పెద్ద డిస్కు వేడిని ఓర్చుకోగలదే గాని ఆగే దూరాన్ని తగ్గించలేదు. పైగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు బొంగరమే. అందుకే ముందు వెనుకల పాళ్ళు సరిచూసే చిన్న కడ్డీకి, ఖరీదైన డిస్కుకంటె ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉన్నది.

పోటీల నిబంధనలు ఆర్భాటాన్ని పట్టించుకోవు. విఫలమైతే ఏమవుతుంది అన్నదే వాటి ప్రశ్న. ద్రవపు మార్గాలు రెండు, వేటికవే ఉండాలి; ఒకటి కారిపోయినా రెండు చక్రాలైనా ఆగాలి. పెడలు 2000 న్యూటన్ల బలాన్ని, అంటే దాదాపు 200 కిలోల బరువును ఓర్చాలి. అది హద్దు దాటి కిందికి పోతే ఒక మీట తగిలి ఇంజను ఆగిపోవాలి. చివరకు పరుగుతీస్తూ బ్రేకు వేసినపుడు నాలుగు చక్రాలూ బిగుసుకుంటేనే పందేనికి అనుమతి.

రైలు ఈ ప్రశ్నకు జవాబును ప్రాణాలు చెల్లించి నేర్చుకున్నది. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా వద్ద ఎత్తు ఎక్కలేని విహారయాత్ర రైలును రెండుగా విడదీశారు. దాని బ్రేకు, ఇంజను నుంచి గొట్టం తెగితే పనిచేయని రకం. చక్రాల కింద రాళ్ళు పెట్టిన వెనుక పెట్టెలు దొర్లిపోయి మరొక రైలును ఢీకొన్నాయి. 80 మంది మరణించారు. ఆ ఏడాదే బ్రిటనులో ప్రయాణికుల రైళ్ళకు తనంత తానుగా పడే బ్రేకును చట్టం తప్పనిసరి చేసింది.

వెస్టింగ్‌హౌస్ 1872 నాటికే అట్టి ఏర్పాటును కనిపెట్టి ఉన్నాడు. గొట్టంలో గాలి నిండుగా ఉన్నంత సేపు బ్రేకు వదిలి ఉంటుంది. గాలి తగ్గితే పడుతుంది. ప్రతి పెట్టె కింద ఒక తొట్టిలో దాచిన గాలి ఆ పని చేస్తుంది. గొట్టం తెగడమే బ్రేకు వేయడం. మన దేశంలో చిరకాలం వాడిన వ్యాక్యూం బ్రేకు నీతి కూడ ఇదే అయినా, దాని బలానికి వాతావరణ పీడనమే హద్దు. 1980ల నుంచి బాక్స్‌ఎన్ వ్యాగన్లతో వ్యాపించిన గాలి బ్రేకులో గొట్టం పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. 1072 మీటర్ల పొడవున్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాన్ని చూసిన వారికి, చిట్టచివరి పెట్టె దాకా బ్రేకు సందేశం వేగంగా చేరడం ఎంత అవసరమో ఊహకందుతుంది.

అయినా దాచిన గాలి శాశ్వతం కాదు. తొట్టి నుంచి, సిలిండరు నుంచి కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. 2013 జూలై 6న కెనడాలోని లాక్ మెగాంటిక్ ఊరి పైకి, ఎత్తున నిలిపి ఉంచిన చమురు రైలు దొర్లుకుంటూ వచ్చింది. ఇంజను ఆపివేసినందున గాలి తరిగిపోయింది. చేతి బ్రేకులు వేయవలసినన్ని వేయలేదు. 47 మంది మృతి చెందారు.

అందుచేతనే సరుకు రైలును యార్డులో నిలిపినప్పుడు గాలిని నమ్మి వదలిపోరు. ఒకరు వ్యాగన్ల వెంట నడిచి చేతి బ్రేకుల చక్రాలను తిప్పి బిగిస్తారు, పట్టాల మీద చక్రాల కింద చెక్క దిమ్మలు తోస్తారు. అవతల ఐ.ఐ.టి. వంటి చోట, పోటీ ముందు రాత్రి ఒకరు పెడలు నొక్కి పట్టుకుంటారు, మరొకరు చక్రం వద్ద నిపిలు వదులు చేస్తారు. సన్నని గొట్టం గుండా సీసాలోకి ద్రవం వస్తుంది, దానితో పాటు బుడగలు వస్తాయి. నిపిలు బిగించిన తరువాతనే పాదం తీయాలి. మళ్ళీ నొక్కు, మళ్ళీ వదులు. బుడగలు ఆగిపోయే వరకు, నాలుగు చక్రాల వద్దా.