ఆవు ఇచ్చిన మాట

మన చంటిబిడ్డలకు వేయించే టీకాను ఆంగ్లంలో వ్యాక్సిన్ అంటారు. ఆ మాటలో ఒక ఆవు ఉన్నదని మీకు తెలుసా? లాటిను భాషలో 'వక్కా' అంటే ఆవు. మన తాంబూలపు వక్కకూ దీనికీ చుట్టరికం లేదు సుమా!

మశూచిని మన పెద్దలు పెద్దమ్మవారని భయపడేవారు. అది ఇళ్లకు ఇళ్లను ఖాళీ చేసేది. బ్రతికినవారిలో కొందరికి చూపు పోయేది. ఆ రోజుల్లో ఇంగ్లండులోని బార్క్‌లీ అనే ఊరిలో ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడుండేవాడు. ఆయన ఆ ఊరి సంఘకాపరి కుమారుడు. ఆవు పొదుగు మీది పొక్కులు చేతికి అంటినవారికి మశూచి రాదని అక్కడి పల్లెజనం చెప్పుకొనేవారు. జెన్నర్ ఆ మాటను కొట్టిపారేయలేదు.

1796 మే 14న, సారా నెల్మ్స్ అనే పాలు పితికే యువతి చేతి పొక్కునుండి కొంచెం రసి తీసి, జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేళ్ల బాలుని చేతిమీద గీరి అంటించాడు. జూలైలో మశూచి రసినే ఎక్కించి చూశాడు. బాలునికి జబ్బు రాలేదు. 1798లో ఈ సంగతిని పుస్తకంగా వ్రాస్తూ, ఆ పొక్కులకు లాటినులో 'ఆవు మశూచి' అని అర్థమొచ్చే పేరు పెట్టాడు. ఆ పేరులోనుండే వ్యాక్సిన్ అనే మాట పుట్టింది.

టీకా వేయించుకున్నవారి ఒంటిమీద ఆవులు మొలుస్తున్నట్టు 1802లో లండనులో ఎగతాళి బొమ్మ అచ్చయింది. జెన్నర్ మాత్రం మానలేదు. తన తోటలోని చిన్న పాకలో పేదలకు ఉచితంగా టీకాలు వేశాడు. తరువాత లూయీ పాశ్చర్ వేరే జబ్బులకు టీకాలు తయారుచేశాడు. వాటికి ఆవుతో పనిలేదు. అయినా జెన్నర్ గౌరవార్థం అన్నిటినీ వ్యాక్సిన్ అనే పిలుద్దామని 1881లో ఆయన కోరాడు. 1980లో మశూచి లోకంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

పశువుల తొట్టిలో పరుండబెట్టబడిన రక్షకుని ఆరాధించే మనకు, పశువులపాకనుండి మేలు రావడం వింతకాదు.

తల్లులారా, మొదటి సూదికి జ్వరం వచ్చిందని తరువాతివి మానకండి. ఆ జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, తట్టు అంత తేలికగా వదలవు. టీకాల కార్డును బైబిలులో పెట్టి దాచుకోండి. తారీఖు దాటకుండా బిడ్డను తీసుకువెళ్లండి. ప్రార్థన చేయండి, టీకా కూడా వేయించండి. రెండూ ప్రభువు మనకు అనుగ్రహించినవే.