తిలావా మృతుల లెక్క

ఐ-29 అను జపాను జలాంతర్గామి కీర్తిని మన సభలలో పలుమారు వినుచున్నాము. 1943 ఏప్రిలులో మడగాస్కరునకు ఆవల నడిసముద్రమున జర్మను జలాంతర్గామిని వీడి సుభాష్ చంద్రబోసుగారు ఎక్కినది దానినే. ఆ సాహసమునకు మేమును గర్వించువారమే. కాని అంతకు అయిదు మాసములు ముందు, 1942 నవంబరు 23వ తేదీని, అదే జలాంతర్గామి హిందూ మహాసముద్రమున తిలావా అను ఓడను ముంచెను. ఈ రెండవ కథ చెప్పుటకు మన వక్తలకు నోరు రాదేమి?

తిలావా బొంబాయినుండి మొంబాసా, డర్బను రేవులకు పోవుచుండిన ప్రయాణికుల స్టీమరు. అందు 958 మంది యుండిరి. అధికసంఖ్యాకులు భారతీయులు, బ్రతుకుదెరువునకై ఆఫ్రికాకు తరలిపోవు సంసారులు. నడిరేయి దాటిన పిమ్మట మొదటి టార్పెడో తగిలెను. జనులు పడవలలోనికి దిగిరి. ఓడ వెంటనే మునుగకుండుట చూచి కొందరు ఆశతో మరల ఎక్కిరి. అంతలో రెండవది తగిలెను. 280 మంది మడిసిరి.

పొరపాటందురా? టార్పెడోను ఓడ యున్న చోటికి గురిపెట్టరు, ఉండబోవు చోటికి గురిపెట్టుదురు. వేగమెంత, దిక్కెటు, దూరమెంత అని కొలిచి, ఆ లెక్క ననుసరించి దాని దారిని నిర్ణయించి విడుతురు. ఇన్ని కొలతలకు ఓపిక గలవారికి, ఓడలో నెవరున్నారను ప్రశ్నకు ఓపిక లేకపోయెను. నిలిచిపోయిన ఓడపై రెండవ టార్పెడోకు ఆ లెక్కయు అక్కరలేదు!

ఆగుమన్న ఆగనిదియో, ఎదిరించినదియో తప్ప, వర్తకనౌకను ముంచుటకు ముందు అందలి జనులను సురక్షితస్థలమున చేర్చవలెనని 1936లో లండనులో జపాను చేవ్రాలు చేసియుండెను. తిలావాపై ఫిరంగి యుండెను గదా యందురు. ఉండెను. భారతీయుల నడుగకయే వారిని యుద్ధములోని కీడ్చిన ప్రభుత్వపు నీడలోనే, పసిబిడ్డలెక్కిన ఓడకు ఫిరంగి నమర్చి, దక్షిణాఫ్రికా టంకశాలకై సుమారు 60 టన్నుల వెండిని అందే కెక్కించిరి. అది బ్రిటిషువారి పాపము. దానివలన జపానువారి పాపము మాసిపోదు.

ఆ వెండిని మాత్రము ఎవరును మరువలేదు. 2017లో 2,364 కడ్డీలను సముద్రగర్భమునుండి వెలికితీసి ఇంగ్లండునకు గొనిపోయిరి. దానిపై వ్యాజ్యెము 2024లో బ్రిటను సుప్రీంకోర్టు దాక నడచెను. కడ్డీలకు లెక్కయు గలదు, వకీళ్లును గలరు.

నేతాజీ జయంతినాడు ఐ-29ను కొనియాడు వక్తలను మేము కోరునది ఒక్కటే: అదే వేదికపై తిలావా పేరును పలుకుడు, 280 అను సంఖ్యను పలుకుడు. నేతాజీ కీర్తికి దానివలన లోపము రాదు. ఓడను ముంచినది ఆయన కాదు. అట్లు పలికినవారిని దేశద్రోహులని ఎవరైన అన్నచో, వారికి బదులు చెప్పుటకు మేమున్నాము.