లొట్టిలో ఏం వేస్తారు, మామా?

సినిమా పత్రికలో ఈ కల్లు గోలేమిటని మీరు కన్నెర్ర చేసేలోపే చెప్పేస్తున్నాను. తెరమీద హీరోగారి మిత్రబృందం తాటివనంలో డొప్పలు పట్టుకుని తాగి తూలేది మజ్జిగ నీళ్ళకేనని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ వారం కబుర్లు అసలు సరుకు గురించి.

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. పుట్టింది మాత్రం మా నల్లగొండ పక్కనే. మొన్న వీడియోలో వాళ్ళింటి ఫ్రిజ్ తెరిచి ఒక స్టీలు పీపా చూపించాడు. బీరట! ఇంట్లోనే కాచాడట! అమెరికాలో 1979 నుంచి దీనికి అనుమతి ఉంది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లదాకా పన్ను లేదు. మీరు మాత్రం ఉత్సాహపడకండి గురూ, మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే తలుపు తట్టేది ఎక్సైజువారే.

సన్నని వల సంచీలో హాప్స్ పువ్వు పొడి ఉండలు పోసి, మునగడానికి స్టీలు బిళ్ళ వేసి, దారం కట్టి పీపాలోకి దించాడు. "ఉడికేటప్పుడు వేస్తే చేదు వస్తది మామా. వాసన ఆవిరైపోతది. అందుకే పులిసినంక పచ్చిగనే వేయాలె. నాలుగైదు రోజులు చాలు. మరీ ఎక్కువైతే గడ్డి వాసన కొడతది" అన్నాడు. వాడు కనిపెట్టిందేమీ కాదులెండి. ఒకప్పుడు ఇంగ్లండు నుంచి మన దేశానికి ఓడల్లో నెలల తరబడి వచ్చే బీరు పాడవకుండా పీపాల్లో గుప్పెడు హాప్స్ వేసేవారు. 'ఇండియా పేల్ ఏల్' అన్న పేరు అలా వచ్చిందే.

అంతా చెప్పి ఆఖర్న అడిగాడు: "మరి మన లొట్టిలో ఏం వేస్తరు మామా?"

"ఏం వెయ్యరురా" అన్నాను గర్వంగా. గౌడన్న మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కి, గెల గీసి లొట్టి కడతాడు. కడిగినా పోని పాత కల్లు అంటు ఆ లొట్టికే ఉంటుంది. చుక్క పడ్డదగ్గర్నుంచీ పులియడం మొదలు. లోపల సున్నం పూస్తే పులియకుండా తియ్యగా నిలుస్తుంది, అదే నీరా. చలికాలం ఈత, ఎండాకాలం తాడు. దేని వాసన దానిదే, ఏ పువ్వూ అక్కర్లేదు. పైగా పీపాలో బీరులాగా వారం రోజులు ఆగడానికి దానికి ఓపికేదీ? మర్నాటికే పులుపెక్కి, ఆపైన సిర్కా అయి కూచుంటుంది.

అన్నాను గానీ, వెంటనే నాలుక కరుచుకున్నాను. మా చిన్నాయన గుర్తొచ్చాడు.

చిన్నాయనది జడ్చర్ల దగ్గర పల్లె. రోజూ పొద్దుగూకేసరికి దుకాణంలో రెండు సీసాలు. ఒకసారి పెళ్ళికని మా ఇంటికొచ్చి రెండ్రోజులు తాగకుండా ఉన్నాడు. మూడోనాటి రాత్రి చేతులు వణికాయి. గోడమీద ఎవరో పాకుతున్నారని అరిచాడు. తెల్లారకముందే మూర్ఛ వచ్చింది. డాక్టరుగారు మమ్మల్ని అడిగిన మొదటి మాట, "కల్లు ఏ ఊరిది?" అని!

లెక్క సులువే. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ. పది లొట్లు దిగినచోట ఇరవై అమ్మాలంటే నీళ్ళు పోయాలి. నీళ్ళు పోస్తే తీపి పోతుంది, శాకరిన్ వేస్తారు. మత్తు పోతుంది, దానికి ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపామ్, ఇప్పుడు ఆల్ప్రాజోలామ్. నిద్రమాత్రల సరుకన్నమాట. మావాడి పువ్వు బీరుకు వాసన ఇస్తుంది. ఈ పొడి కల్లులో కల్లు లేదన్న సంగతి దాచిపెడుతుంది. 2015లో దాడులు గట్టిగా జరిగి మందు కల్లు ఆగిపోయినప్పుడు మహబూబ్‌నగర్, మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో ఎంతోమంది మా చిన్నాయనలాగే ఆసుపత్రి పాలయ్యారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

మీ ఇంట్లో ఇలాంటివాళ్ళుంటే, సీసా లాక్కుని గదిలో పెట్టి గొళ్ళెం వేసే హీరోయిజం చెయ్యకండి. సినిమాలో అది చెల్లుతుంది. ఆల్ప్రాజోలామ్ ఒక్కసారిగా ఆగితేనే మూర్ఛలు. డాక్టరు చేతిమీదుగా కొద్దికొద్దిగా తగ్గించాలి. చిన్నాయనకు నెలలు పట్టింది.

ఇదంతా విని మావాడు కాసేపు మాట్లాడలేదు. పీపా మూత బిగించి, సంక్రాంతికి వస్తున్నానన్నాడు. ఈత చెట్టు కిందికే పోయి, దించిన లొట్టి దించినట్టే చూడాలట.

చిన్నాయనకు చెప్పాను. "నేను గూడ వస్త బిడ్డా" అన్నాడు. నా మొహం చూసి నవ్వాడు. "తాగనులేరా. వాసన చూస్త, అంతే."